బల్ల మీద ఒక్క డబ్బా

తుపాకిమందు డబ్బా బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. ఏ మందు వాడుతున్నారో ఆ డబ్బా మాత్రమే. మిగతావన్నీ అరలో ఉండాలి. పెళ్లయిన కొత్తలో నేలమాళిగ మెట్లు దిగగానే మా ఆయన ఐర్విన్ నాకు చెప్పిన మొదటి నియమం అది. ఇరవై రెండేళ్లలో ఆ నియమం ఒక్కసారే తప్పింది. ఆ రోజు నేను దాన్ని నమ్మాను.

నేలమాళిగలో ఒక చివర నా బట్టల మిషను, ఇంకో చివర ఐర్విన్ బల్ల, మధ్యలో చలికాలం దుప్పట్లు ఆరేసే తాడు. జనవరి నుంచి మే దాకా ఐర్విన్, అతన్ని ఇర్వ్ అని పిలిచే స్నేహితుడు లమార్ క్రైడర్ ఆ బల్ల దగ్గర తూటాలు తయారు చేసుకునేవారు. కొట్లో కొన్న తూటా జింకకి సరిపోతుంది. మా తుపాకీ క్లబ్బులో అయితే లోయకి ఇవతల కూర్చుని అవతలి కొండవాలులో కట్టిన కాగితాన్ని కొట్టాలి. మధ్యలో వెయ్యి గజాలు. పది గుండ్లూ ఒక భోజనం పళ్లెమంత చోట పడాలంటే పది తూటాలూ ఒకే కాన్పు పిల్లల్లా ఉండాలి. అందుకని పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకోవడం, వాటిని కడగడం, మూతి సమానంగా కత్తిరించడం, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ దిగ్గొట్టడం, మందు తూచి పోయడం, పైన గుండు బిగించడం. మా వైపు పెన్సిల్వేనియా కొండల్లో సగం ఇళ్ల నేలమాళిగల్లో చలికాలమంతా ఇదే పని.

నేను కాలేజీలో గణితం చదువుకున్నాను. పెళ్లయ్యాక ఆ చదువు పచ్చడి సీసాల లెక్కకి తప్ప పనికిరాలేదు. బల్ల దగ్గర మాత్రం దానికి కాస్త విలువ ఉండేది. గుండ్లను ఒక్కొక్కటే త్రాసులో వేసి బరువు ప్రకారం గుంపులు కట్టేదాన్ని. ఇత్తడి గొట్టాలు కూడా అంతే. ప్రతి పెట్టె మీదా తేదీ, మందు పేరు, గుండు బరువు నా చేత్తో రాసి అంటించేదాన్ని.

"నెట్టీ చేతిలో పడితే బఠానీ గింజలైనా ఎత్తు ప్రకారం నిలబడాల్సిందే," అనేవాడు లమార్.

"నీ గుండ్లు కాగితం మీద నిలబడట్లేదుగా మరి," అనేదాన్ని.

"అది గాలి తప్పు తల్లీ. గాలికి కూడా ఒక లేబుల్ అంటించు, వింటుందేమో."

ఒక్క మందు జోలికి మాత్రం నేను వెళ్లేదాన్ని కాదు. నా మీద నమ్మకం లేక కాదు. ఎవరు కాలుస్తారో వాళ్లే మందు పోసుకోవాలి. అది కూడా నియమమే.

ఆ ఏప్రిల్ శనివారం మధ్యాహ్నం ఐర్విన్ ఒక్కడే కూర్చుని, చేలలో బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగ్‌లను కొట్టే చిన్న తుపాకీకి తూటాలు చేస్తున్నాడు. దానికి వాడేది త్వరగా మండే మందు. లమార్ పెద్ద తుపాకీకి వాడేది నెమ్మదిగా మండే మందు. దానిలో త్వరగా మండేది కలిస్తే తుపాకీయే పగులుతుంది. లమార్ తన డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. అతనికి చోటు ఇద్దామని ఐర్విన్ తన డబ్బా తీసి పక్కనే నేల మీద పెట్టాడు. అప్పుడే ఊళ్లో సైరన్ మోగింది. ఇద్దరూ ఫైరింజను మీద జీతం లేకుండా పనిచేసే వాళ్లే. లమార్ చంకలోది బల్ల మీద పడేసి పరుగెత్తాడు. వెనకే ఐర్విన్. లోయ చివర ఎవరిదో గడ్డివాము కొట్టం అంటుకుంది.

ఇదంతా నేను చూడలేదు. తర్వాత పోగేసుకున్నాను. నేను చూసింది, గంట తర్వాత తడి దుప్పట్ల బుట్టతో దిగేసరికి, బల్ల మీద ఒక్క డబ్బా, దాని పక్కన మందు కొలిచే గొట్టంలో సగం దాకా మందు. గొట్టానికి మూత లేదు. సాయంత్రం చర్చి ఆడవాళ్లు బొంత కుట్టడానికి మా ఇంటికి వస్తున్నారు. బల్ల మీద ఇత్తడి పొట్టు, కాఫీ కప్పు మరకలు. నాకు అలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. గొట్టంలో మందు ఉంటే చెమ్మ పడుతుంది కదా అనుకున్నాను. గొట్టం విప్పి, డబ్బా మూత తీసి, మందు అందులో పోసి, అంచు తడిగుడ్డతో తుడిచి, మూత బిగించి, లేబుల్ ముందుకు కనపడేలా అరలో పెట్టాను.

తర్వాత ఊడుస్తుంటే చీపురు నేల మీది డబ్బాకి తగిలింది.

అక్కడ ఒక్క నిమిషం నిలబడ్డాను. ఆ నిమిషం నాకు బాగా గుర్తు. చీపురు నా భుజానికి ఆనుకుని ఉంది. ఈ డబ్బా ఇక్కడెందుకుంది అనుకున్నాను. అప్పుడే పైన ఫోను మోగింది. సామ్యూల్ గారింటి ఆవిడ, ఎన్ని కుర్చీలు కావాలని. ఆ డబ్బా కూడా అరలో పెట్టి, తుడిచి, పైకి వెళ్లిపోయాను.

ఐర్విన్ రాత్రంతా మంటల దగ్గరే ఉండి తెల్లవారి వచ్చి పడుకున్నాడు. సోమవారం బల్ల చూసి లమార్ సర్దాడనుకున్నాడు. బుధవారం ఐర్విన్ పేపరు మిల్లు డ్యూటీలో ఉండగా లమార్ వచ్చి, ఖాళీ గొట్టం చూసి ఐర్విన్ సర్దాడనుకున్నాడు. తన డబ్బా దించి తూటాలు చేసుకున్నాడు. ఆ తూటాల పెట్టె మీద లేబుల్ నేనే రాశాను.

జూన్ మొదటి పోటీలో మూడో గుండుకి లమార్ తుపాకీ వెనక్కి పేలింది. నేను వంట షెడ్డులో భోజనాలకి ఆపిల్ పై ముక్కలు కోస్తున్నాను. మామూలు చప్పుడు కాదది. తలుపు పలక విరిగినట్టు ఉంది. వెళ్లి చూస్తే లమార్ బల్ల ముందు రెండు చేతులూ గాల్లో ఎత్తి కూర్చుని ఉన్నాడు. చెంప నల్లగా మాడింది. కనుబొమలో ఇత్తడి ముక్క. కళ్లద్దాలు ఉండబట్టి కన్ను దక్కింది. తుపాకీ కర్ర, అతను రెండు చలికాలాలు కూర్చుని చెక్కుకున్న వాల్‌నట్ కర్ర, నిలువునా చీలింది.

పోటీలు నడిపించే ముసలి ఎబర్సోల్ గారు మిగిలిన తూటాలు విప్పి మందు తెల్లకాగితం మీద పోశాడు. అందరం చుట్టూ మూగాం. పెన్సిలు ముల్లు సన్నగా తరిగినట్టుండే పలుకులు. వేలితో అటూ ఇటూ కదిపాడు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి.

"రెండు రకాలు," అన్నాడు. "ఎవరో గొట్టంలో మిగిలింది వేరే డబ్బాలో పోశారు."

చూస్తే ఎవరికైనా తెలిసే తేడా. ఆవగింజంత తేడా ఉన్న గుండ్లను ఏరే నేను ఆ రోజు చూడలేదు.

మా క్లబ్బులో షెడ్డు ముందు ఒక చెక్కమెట్టు ఉంది. పొద్దున్నే ఎబర్సోల్ గారు దాని మీద నిలబడి ఆనాటి నియమాలు చదువుతాడు. ఎవరి తూటా వల్లయినా ప్రమాదం జరిగితే, ఆ మనిషి తర్వాతి పోటీ రోజు మొదటి గుండు పేలకముందు ఆ మెట్టెక్కి, ఏం చేశాడో, ఎక్కడ పొరపాటు పడ్డాడో అందరి ముందూ చెప్పాలి. అది శిక్ష కాదు. ఇంకొకడు అదే పని చేయకుండా ఉండడానికి. చెప్పేదాకా మాత్రం అతనికి కాల్చే బల్ల దగ్గర చోటు లేదు. మెట్టు మీద అబద్ధమాడాడని తేలితే ఇక ఎప్పటికీ లేదు. అలా పోయినవాడు ఒకడున్నాడు. అతని పేరు కూడా ఎవరూ ఎత్తరు.

తర్వాతి పోటీ రోజు మెట్టెక్కనని లమార్ అప్పుడే చెప్పేశాడు.

"నేను పోయలేదు. నా జన్మలో మిగిలిన మందు తిరిగి డబ్బాలో పోయలేదు. మా ఆవిడ పెంచే రూబార్బ్ మొక్కల పాదులో ఎరువుగా చల్లుతాను. కావాలంటే ఫెర్న్‌ని అడగండి."

ఐర్విన్ ముఖం ఎర్రబడింది. "అంటే నేను పోశానంటావా?"

"నేనలా అనలేదు."

"ఆ బల్ల దగ్గర ఉండేది ఇద్దరమే. నువ్వు కాకపోతే నేను. డబ్బా తనంతట తను మూత తీసుకుందా?"

"ఇర్వ్, నేను పోయలేదన్నాను. అంతవరకే అన్నాను."

"ఎక్కరా మెట్టు! ఒక నిమిషం పని. ఎవడూ నిన్ను తినెయ్యడు."

"చెయ్యనిది చేశానని ఎలా చెప్పను?"

నేను వాళ్లకి ఆరడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో పై కోసే కత్తి ఉంది. దాని మీద అంటుకున్న ఆపిల్ ముక్కని చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తూ బండిలో ఐర్విన్ అన్నాడు. "చేసినవాడెవడైనా సరే, వాణ్ణి మళ్లీ జన్మలో బల్ల దగ్గరికి రానివ్వకూడదు. కన్ను పోయుంటే?" నేను కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూశాను. అప్పుడు చెప్పాల్సింది. ఆ రాత్రి చెప్పాల్సింది. మర్నాడు చర్చి అయ్యాక, లమార్ చెంపకి కట్టుతో ఒక్కడే తన బండి వైపు నడుస్తుంటే చెప్పాల్సింది. రోజు గడిచేకొద్దీ చెప్పవలసినవి రెండయ్యాయి. ఒకటి నేను చేసిన పని. రెండోది నిన్న ఎందుకు చెప్పలేదన్నది. రెండోదే నా నోరు కట్టేసింది. పొరపాటు ఎవరైనా చేస్తారు. నేను లేబుళ్లు రాసే మనిషిని.

మూడు వేసవులు గడిచాయి. లమార్ మెట్టెక్కలేదు. బల్ల దగ్గర ఐర్విన్ ఒక్కడే కూర్చునేవాడు. రెండో స్టూలు మీద నేను బట్టల బుట్ట పెట్టడం మొదలుపెట్టాను. ఎదురుగా ఆ ఖాళీ స్టూలు చూడలేక. చర్చిలో ఫెర్న్, నేను వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. పోటీ రోజుల్లో లమార్ బండి కొండ మలుపులో ఆగి ఉండేదని, దుర్భిణీతో జెండాలు చూసి వెళ్లిపోయేవాడని ఎవరో చెప్పారు. ఐర్విన్ విననట్టు తుపాకీ తుడుచుకున్నాడు. ఆ వేళ అతను కొట్టిన పది గుండ్లు తలుపంత వెడల్పున పడ్డాయి.

మూడో చలికాలంలో ఐర్విన్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు చెంచాలో సూపు కదిలేది. తర్వాత త్రాసు పళ్లెంలో మందు పోయలేక దాని చుట్టూ చిందించేవాడు. డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్లు కాల్చగలడన్నాడు.

"ఈ ఏడు ఆడేస్తా," అన్నాడు ఐర్విన్. "వచ్చే ఏడు నేను కాలిస్తే అవతలి కొండ మీద ఆవులకి ప్రమాదం."

నేను నవ్వలేదు.

"నవ్వవేమే? లమార్ ఉంటే నవ్వేవాడు," అన్నాడు. మూడేళ్లలో అతను ఆ పేరెత్తడం అదే మొదలు.

ఆ వారమే నేను ఒక కార్డు తీసుకుని, లేబుళ్లు రాసే చేతిరాతతోనే నాలుగు వాక్యాలు రాశాను. ఏ రోజు, ఏ డబ్బా, ఏం పోశాను, ఎందుకు చూడలేదు. ఆడవాళ్లు ఎవరూ మెట్టెక్కిన ఆనవాయితీ లేదు. ఎక్కకూడదనీ ఎక్కడా రాసి లేదు. నియమాల పుస్తకం రెండుసార్లు చదివాను.

జూన్ మొదటి శనివారం ఆ కార్డు ఏప్రన్ జేబులో పెట్టుకుని వెళ్లాను. ఇంకా మంచు విడలేదు. ఎబర్సోల్ గారు షెడ్డు ముందు కాగితాలు సర్దుకుంటున్నాడు. వెళ్లి అడగడమే తరువాయి. కాఫీ పాత్ర ఇంకా కాగలేదు. కాఫీ కాగాక వెళదాం అనుకున్నాను. కప్పులు వరసగా పెట్టాను. పిడులన్నీ ఒకవైపుకి తిప్పాను.

లమార్ బండి వచ్చి గేటు లోపల ఆగింది.

అందరూ అటు చూశారు. లమార్ దిగి, టోపీ తీసి, ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్లి మెట్టెక్కాడు. ఎబర్సోల్ గారు కాగితాలు మడిచి పక్కకి జరిగాడు.

"మూడేళ్ల కిందట చెప్పాల్సింది," అన్నాడు లమార్. గొంతు పెద్దదేం కాదు. "ఆ ఏప్రిల్లో ఐర్విన్ బల్ల మీద కొలిచే గొట్టంలో మందు మిగిలి ఉంది. బల్ల మీద ఒక్కటే డబ్బా ఉంది. నియమం ప్రకారం అదే డబ్బా అనుకుని పోసేశాను. లేబుల్ చదవలేదు. కింద నేల మీద ఇంకో డబ్బా ఉంది. అది తర్వాత కనపడింది. కనపడినప్పుడు ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. మీరు లేబుల్ చదవండి. గుర్తుకొచ్చినా రాకపోయినా చదవండి. అంతే."

నా జేబులో ఉన్న నాలుగు వాక్యాలూ అవే. ఇంచుమించు అదే వరసలో.

కాఫీ పొంగి బల్ల మీద పడింది. నేను గుడ్డ తీసుకుని తుడిచాను.

ఐర్విన్ మెట్టు దగ్గరికి వెళ్లాడు. వణికే చెయ్యి జేబులో దాచుకుని, రెండో చేత్తో లమార్ భుజం పట్టుకున్నాడు.

"మొద్దు వెధవా! ఇంత చిన్న మాటకి మూడేళ్లా?"

"నాలిక బరువు ఇర్వ్. మీ త్రాసు సరిపోలేదు."

"పద. నా పక్క బల్ల ఖాళీ. గాలి ఎడమ నుంచి వస్తోంది, చూశావా?"

"మలుపులోంచి చూస్తూనే వచ్చా."

"ప్రతి పోటీకీ చూస్తున్నావని తెలుసులే!"

ఆ రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాల్చారు. లమార్ అరువు తుపాకీతో కాల్చాడు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. ఐర్విన్ అంత గట్టిగా నవ్వడం నేను ఆ చలికాలమంతా వినలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లమార్ కాఫీ కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి చలికాలం నుంచి. ఆ బుధవారం నా డబ్బా అరలో ఉంది. అంచు తుడిచి ఉంది. లేబుల్ ముందుకి తిరిగి ఉంది. నేల మీద వదిలిన ఇర్వ్ డబ్బా కూడా అలాగే ఉంది. ఇర్వ్ తన మొహం కూడా సరిగ్గా తుడుచుకోడు. వాడు డబ్బా తుడుస్తాడా?" కప్పు అందుకున్నాడు. "ఇంటికెళ్లి కూర్చుని ఆలోచిస్తే తెలిసింది."

"చెప్పలేదేం మరి? మూడేళ్లు నిన్ను..."

"నేనెందుకు చెప్తాను నెట్టీ? నువ్వు చెప్తావని చూశాను." అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "మొదటి ఏడాది, ఈ వారం చెప్తుంది అనుకునేవాణ్ణి. ఫెర్న్ ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా మొహం చూసేది, ఇవాళ నువ్వేమైనా చెప్పావా అని. తర్వాత అడగడం మానేసింది. మొన్న చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని ఇర్వ్ చెయ్యి చూశాను. ఇక టైము లేదనిపించింది."

జేబులోంచి కార్డు తీసి అతని ముందు పెట్టాను. అతను వంగి చదివాడు. చెంప మీద పాత మచ్చ నున్నగా మెరిసింది.

"ఇవాళ్టికే రాసుకొచ్చావా?"

"కాఫీ కాగాక వెళదామనుకున్నాను."

అతను కార్డు బోర్లా తిప్పి నా వైపు జరిపాడు.

"ఇప్పుడు చెప్పకు. మెట్టు మీద అబద్ధమాడింది నేను. నువ్వు నోరు తెరిస్తే ఎబర్సోల్ నన్ను గేటు బయట పెడతాడు. ఈసారి శాశ్వతంగా. ఇర్వ్‌తో నాకు ఈ ఏడాదే ఉంది."

"ఐర్విన్‌కి ఒక్కడికే చెప్తాను."

"వాడి కడుపులో మాట దాగుతుందా? మెట్టెక్కి మరీ చెప్తాడు." కప్పు ఎత్తి చూసి, "ఆపిల్ పై ఇంకో ముక్క ఉంటే పెట్టు," అన్నాడు.

పెట్టాను.

లమార్ క్లబ్బుకి తిరిగొచ్చాడు కానీ మా నేలమాళిగకి రాలేదు. ఐర్విన్ పిలిచినప్పుడల్లా, తన ఇంట్లోనే బల్ల వేసుకున్నాననేవాడు. చెయ్యి నిలకడ తప్పిన ఐర్విన్‌కి తూటాలు అతనే చేసి, వంటింటి గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్లేవాడు. పెట్టెల మీద లేబుళ్లు అతని రాతే. అక్షరాలు వంకర. మందు పేరు మాత్రం రెండుసార్లు రాసి ఉండేది. నేను పెట్టెలు అందుకునేదాన్ని. "లోపలికి రా," అనేదాన్ని. "బురద కాళ్లు," అనేవాడు, ఎండాకాలంలో కూడా.

ఐర్విన్ ఆ ఏడూ, దాని తర్వాతి ఏడూ కాల్చాడు. తర్వాత మిగిలిన మందంతా నేనే రూబార్బ్ పాదులో చల్లాను. ప్రతి డబ్బా లేబుల్ చదివి చల్లాను, ఇక అవసరం లేకపోయినా.

ఇప్పుడు నెలకోసారి క్రైడర్లు మా ఇంటికి భోజనానికి వస్తారు. ముందు తలుపు నుంచి వచ్చి, పైన భోజనాల గదిలోనే కూర్చుంటారు. కొత్తవాళ్లెవరైనా ఉంటే ఐర్విన్ ఆ కథ ఎత్తుకుంటాడు. రెండు చేతులూ వణుకుతుంటాయి కాబట్టి బల్ల అంచు పట్టుకుని చెప్తాడు.

"వీడు మూడేళ్లు మొండికేశాడు తెలుసా? నేను పోశాననుకునే దాకా వెళ్లాడు! కానీ చివరికి అందరి ముందూ నిలబడి ఒప్పుకున్నాడు. అది గొప్ప. నేను ఆ క్షణమే క్షమించేశాను. ఏరా, క్షమించానా లేదా?"

"క్షమించావురా," అంటాడు లమార్, సూపులోకి చూస్తూ.

ఫెర్న్ నా వైపు చూడదు. నేను లేచి బీట్‌రూట్ పచ్చడి గిన్నె అందరికీ తిప్పుతాను. ముందు లమార్‌కి.